మా రక్తానికి తిరుగు టపా ఏది?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్దలకు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం అధికారులకు, క్యాన్సర్ మీదా వంశపారంపర్య జబ్బుల మీదా జన్యు పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలకు, ఆ ప్రాజెక్టులకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతి పిల్లలకు మెండెల్ బఠానీ మొక్కల కథ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత మాత్రం అది కాదు. 2011లో మా అమ్మ తరఫు బంధువులు 14 మంది చేత ఒక పరిశోధన కన్సెంట్ ఫారం మీద సంతకాలు పెట్టించింది నేనే.

అప్పటికి అమ్మకు అండాశయ క్యాన్సర్ బయటపడి ఏడాది. పెద్దమ్మ అంతకు ఆరేళ్ళ ముందే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అమ్మమ్మ ఏ జబ్బుతో పోయిందో ఎవరికీ సరిగా తెలియదు, "కడుపులో గడ్డ" అనేవాళ్ళు. అమ్మకు కీమో ఇస్తున్నచోట ఒక పరిశోధన బృందం మా ఇంటి సంగతి విని, మీ ఊరే వస్తాం అన్నారు. దసరా సెలవుల్లో వచ్చారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. నా పేచీ ఒక్క సంస్థతో కాదు.

రిసెర్చ్ స్కాలర్ అమ్మాయి ఒకతె, రక్తం తీసే అబ్బాయి ఒకడు. థర్మోకోల్ డబ్బా నిండా ఐసు, ఊదారంగు మూతల ట్యూబులు. ఆ అమ్మాయి వసారాలో చాప మీద కూర్చుని మా వంశవృక్షం గీసింది. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరం. జబ్బు వచ్చినవాళ్ళ గుర్తును నల్లగా నింపుతారు, పోయినవాళ్ళ గుర్తుకు అడ్డంగా గీత కొడతారు. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తోంది, నెత్తికి తువ్వాలు చుట్టుకుని. తన సున్నాను ఆ పిల్ల నల్లగా పూస్తుంటే, "గీత మాత్రం ఇప్పుడే కొట్టకే తల్లీ" అంది. అందరం నవ్వాం.

ఫారం తెలుగులోనే ఉంది. అంటే అక్షరాలు తెలుగువి. "ఉత్పరివర్తనముల అనుశీలన నిమిత్తము జైవిక నమూనాల సేకరణకు స్వచ్ఛంద సమ్మతి" అన్నదగ్గరే మా మేనమామ ఆగిపోయాడు. "ఇదేందమ్మాయ్, పొలం రిజిస్ట్రేషన్ కాయితంలాగుంది. అయినా ఇది ఆడాళ్ళ జబ్బు గదా, నా రక్తం ఎందుకు?" అన్నాడు. ఇంట్లో సైన్సు టీచర్ని నేనున్నాను కదా. అందరికీ అర్థమయ్యేలా చెప్పాను: "రక్తంలో ఈ జబ్బు గుర్తు ఏదన్నా ఉందేమో చూస్తారు మావయ్యా. ఉంటే మన పిల్లలకు ముందే తెలుస్తుంది."

ఆ రెండో వాక్యం ఫారంలో లేదు. నేను కలిపాను. అబద్ధం చెప్పాలని కాదు, అది కాక ఇంకెందుకు తీస్తారు అనుకున్నాను. ఆ వాక్యం విన్నాకే మావయ్య సంతకం పెట్టాడు. ఫారం చివర ఫోన్ నంబరు అని ఒక గడి ఉంటే 14 ఫారాల్లోనూ నా నంబరే రాశాను, అందరికీ నేనే చెప్పొచ్చని.

అమ్మ 2013లో పోయింది. ఫోను రాలేదు.

2022లో మా చెల్లికి రొమ్ములో గడ్డ తగిలింది. దానికప్పుడు 39 ఏళ్ళు. బయాప్సీలో ట్రిపుల్ నెగెటివ్ అని వచ్చింది. మూడు రకాల గ్రాహకాలూ లేని గడ్డ, హార్మోన్ మాత్రలకు లొంగనిది. ఇంటి చరిత్ర విన్న డాక్టరు గారు జన్యు పరీక్ష చేయించమన్నారు. రూ.20,000 పైనే అయింది. నెల తిరక్కముందే కాగితం వచ్చింది: రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడిన బీఆర్‌సీఏ1 అనే జన్యువులో హాని చేసే మార్పు ఉంది. ఆ తర్వాత మిగతావాళ్ళలో చాలామందికి ఆ ఒక్కచోట చూస్తే చాలు కాబట్టి తక్కువలో అయిపోయింది. పెద్దమ్మ కూతుళ్ళిద్దరిలో ఒకామెకు ఉంది. నాకు లేదు. లేదన్న కాగితం పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది ఎందుకో నాకే తెలియదు.

ఆ వారమే పాత ఫైలు వెతికి ఆ సంస్థకు ఉత్తరం రాశాను. మా రక్తంలో ఇది మీకు కనిపించిందా అని అడిగాను. రెండు నెలలకు మూడు వాక్యాల జవాబు వచ్చింది. నమూనాలకు పేర్లు తీసేసి సంఖ్యలు ఇచ్చారట. తమది పరిశోధన ల్యాబే తప్ప రోగనిర్ధారణ ల్యాబు కాదట. ప్రాజెక్టు ఎప్పుడో ముగిసిందట.

ఈ మూడు మాటలూ నిజాలే. మీ ఇబ్బందులు నాకు కొంత తెలుసు. పరిశోధనలో రెండు ట్యూబులు తారుమారైతే ఒక గ్రాఫులో చుక్క పక్కకు జరుగుతుంది. అదే రిపోర్టులో తారుమారైతే ఒకామె ఆరోగ్యంగా ఉన్న అండాశయాలు తీయించుకుంటుంది, తీయించుకోవాల్సిన ఇంకొకామె నిశ్చింతగా ఇంటికి పోతుంది. స్కాలర్లు పీహెచ్‌డీ అయ్యాక ఎక్కడెక్కడికో వెళ్ళిపోతారు. గ్రాంటు ఆగిపోతుంది. ఆనాడు ఒక మార్పు కంటపడినా అది హాని చేసేదో కాదో అప్పటికి తేలి ఉండకపోవచ్చు. ఒప్పుకుంటాను.

కానీ ఇవి రిపోర్టు ఇవ్వకపోవడానికి కారణాలు. కబురు చెయ్యకపోవడానికి కావు. "మీ కుటుంబం నమూనాల్లో మేం ఒక సంగతి గమనించాం. మా దగ్గర చేసింది పరిశోధన మాత్రమే. ఒకసారి జెనెటిక్ కౌన్సెలర్‌ను కలిసి, ఆస్పత్రి ల్యాబులో కొత్తగా పరీక్ష చేయించుకోండి" అని చెప్పడానికి ల్యాబుకు ఏ గుర్తింపు పత్రం కావాలి? ఏమీ కనిపించకపోతే, కనిపించలేదు అని ఒక కార్డు ముక్క. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరికి ఉత్తరం రాసినా చివర "తిరుగు టపాలో జవాబు రాయగలరు" అని రాసేవాళ్ళం. మీ కన్సెంట్ ఫారాల్లో లేనిది ఆ ఒక్క వాక్యమే.

2011లో చెల్లికి 28 ఏళ్ళు. తెలిసుంటే ఏమయ్యేది అని అడుగుతారేమో. మేరీ క్లేర్ కింగ్ అనే శాస్త్రవేత్త 17వ క్రోమోజోము మీద ఈ బీఆర్‌సీఏ1 జాడ పట్టుకున్నది 1990లో. 1994లో జన్యువు చేతికి చిక్కింది, మరుసటేడు 13వ క్రోమోజోము మీద ఇలాంటిదే ఇంకో జన్యువు, బీఆర్‌సీఏ2, దొరికింది. 2017లో వేల కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించి వేసిన లెక్క ప్రకారం, బీఆర్‌సీఏ1లో హాని చేసే మార్పు ఉన్న స్త్రీకి 80 ఏళ్ళు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 72 శాతం, అండాశయ క్యాన్సర్‌ది దాదాపు 44 శాతం. అందుకే అలాంటివాళ్ళకు 25 ఏళ్ళ నుంచే ఏటా రొమ్ము ఎంఆర్ఐ తీయమంటారు. పిల్లలు పుట్టాక, 35, 40 ఏళ్ళ మధ్య అండాశయాలూ ఫెలోపియన్ నాళాలూ తీసేయించుకోమని సలహా ఇస్తారు. జబ్బు వచ్చాక కూడా ఈ గుర్తు పనికొస్తుంది. ఒలాపరిబ్ లాంటి క్యాన్సర్ మందులు పనిచేసేదే ఈ జన్యువు దెబ్బతిన్న కణాల మీద. చెల్లి ఏం చేసేదో నేను చెప్పలేను. ఆలోచించుకోవడానికి దానికి పదకొండేళ్ళు దక్కేవి.

మావయ్య ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లోనే కాదు, మా స్టాఫ్ రూములోనూ చదువుకున్నవాళ్ళకు ఇది తెలియదు. ఈ మార్పు తండ్రి నుంచి కూడా వస్తుంది. మగవాడి ఒంట్లో చాలాసార్లు ఏ అలికిడీ లేకుండా ఉండి, కూతురి దగ్గర బయటపడుతుంది. డాక్టర్లు సైతం చాలాసార్లు "మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా" అని అడిగి ఊరుకుంటారు. పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడైనా మగైనా.

ఈ తిరుగు కబురు సాధ్యం కాదనేవాళ్ళు ఒకసారి ఐస్‌లాండ్ వైపు చూడాలి. అక్కడ డీకోడ్ అనే సంస్థ 1996 నుంచి జనం రక్తం సేకరించి జన్యువులు చదువుతోంది. వాళ్ళ జనాభాలో బీఆర్‌సీఏ2లో డీఎన్ఏ అక్షరాలు అయిదు పోయిన మార్పు ఒకటి తరతరాలుగా నడుస్తోంది. నూటికి ఒకరికంటే కాస్త తక్కువమందికి ఉంటుంది. అది ఎవరెవరికి ఉందో తాము చెప్పగలమనీ, చెప్పనివ్వమనీ ఆ సంస్థ అధిపతి కారి స్టెఫాన్సన్ ఏళ్ళ తరబడి పోట్లాడాడు. అడగనివాళ్ళకు చెప్పకూడదని ప్రభుత్వం పట్టుబట్టింది. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. చివరికి 2018లో ఒక దారి దొరికింది: తెలుసుకోవాలనుకున్నవాళ్ళు వచ్చి అడగొచ్చు, అడిగితే చెప్తారు. వేల మంది అడిగారు. తలుపు వేసి ఉంచడానికీ, తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చి చెప్పడానికీ మధ్య, తలుపు దగ్గరగా వేసి గడియ తీసి ఉంచడం అనే పద్ధతి ఒకటుందని వాళ్ళు చూపించారు.

అమెరికాలో హవాసుపాయి అనే ఆదివాసుల కథ దీనికి తిరగేసినది. 1990లో మొదలుపెట్టి, షుగరు జబ్బు పరిశోధన అని చెప్పి అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు రక్తం తీసుకున్నారు. తర్వాత ఆ రక్తంతోనే మానసిక వ్యాధుల మీదా, వాళ్ళ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్నదాని మీదా పరిశోధనలు నడిచాయి. కోర్టు గొడవలయ్యాక 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, రక్తం నమూనాలు తిరిగి ఇచ్చేసింది. ఆ జనం తమ రక్తాన్ని సొంత ఊరికి తీసుకెళ్ళారు. మా రక్తం వెనక్కివ్వమని నేను అడగడం లేదు. ఉంచుకోండి, వాడండి.

ఒక ఇంటి సంగతి ఇంతసేపు చెప్పాను. కుటుంబాలకు కబురు చేరకపోవడం ఒకటైతే, ఒక సామాజిక వర్గం మొత్తానికి చేరకపోవడం ఇంకా వింత. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ బృందం హార్వర్డ్‌వాళ్ళతో కలిసి 2017లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే జనమంతా విస్తరించిన జాడలు ఫిన్లాండ్‌వాళ్ళలో, అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా ఉన్నాయని తేలింది. దగ్గర చుట్టరికంలో చేసుకోకపోయినా, వందల ఏళ్ళు ఒకే కులంలో పెళ్ళిళ్ళు చేసుకుంటూ పోతే జరిగేది ఇదే. మేనరికాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు.

అందులో వాళ్ళు ఉదాహరణగా చూపింది మన ఆర్యవైశ్యులను. ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు, థియేటర్లలో స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా మారిన జన్యువే వచ్చినవాళ్ళలో ఆ ఎంజైము పనిచెయ్యదు. నిమిషాల్లో తేరుకోవాల్సిన మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తుంది. ఈ లోపం మిగతా వర్గాలకంటే వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. ఇది జబ్బు కాదు. ఆ మందు ఒంట్లోకి పోనంతవరకూ మనిషికి ఏమీ కాదు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతాడు, అంతే. తెలుసుకోవడానికి మామూలు రక్తపరీక్ష చాలు. అనుభవమున్న మత్తు డాక్టర్లకు ఈ సంగతి ఆ పరిశోధన పత్రం రాకముందే తెలుసు.

మా స్కూల్లో తెలుగు మాస్టారు ఆ వర్గంవారే. ఆయన ఎప్పుడైనా ఈ మాట విన్నారా అని అడిగాను. వినలేదు. నిరుడు వాళ్ళబ్బాయికి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది, ఎవరూ ఏమీ అడగలేదట. ఊరూరా వాసవి సత్రాలున్నాయి, కన్యకా పరమేశ్వరి ఆలయాలున్నాయి, పరిచయ వేదికలున్నాయి, సంఘం క్యాలెండర్లున్నాయి. ఒక్క క్యాలెండరు వెనక నాలుగు వాక్యాలు అచ్చేస్తే చేరిపోయే కబురు ఇది. అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది, క్యాలెండర్లో అచ్చు కాలేదు.

పిల్లల రక్తక్యాన్సర్‌దీ ఇలాంటి కథే. మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర కొందరు పిల్లలకు మామూలు మోతాదులోనే విషంలా పనిచేసి తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. యూరప్ పుస్తకాల్లో దీనికి చూడమనే జన్యువు టీపీఎంటీ. మన దేశంలోనూ తూర్పు ఆసియాలోనూ పిల్లల్లో ఎక్కువగా కారణమయ్యేది ఎన్‌యూడీటీ15. ఇలాంటివి మన రక్తం చదివితేనే తెలుస్తాయి. అందుకే పరిశోధన వద్దని నేను ఒక్కనాటికీ అనను. ఇంకా చెయ్యాలి. పెద్దమ్మ రెండో కూతురికి వేరే జన్యువులో "అర్థం తేలని మార్పు" అని రాసిచ్చారు. మంచిదో చెడ్డదో చెప్పలేని మార్పు. ప్రపంచంలో పోల్చి చూసే జన్యు సమాచారమంతా ఎక్కువగా తెల్లవాళ్ళది కాబట్టి మనవాళ్ళ రిపోర్టుల్లో ఈ మాట ఎక్కువ కనిపిస్తుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద సుమారు 10,000 మంది భారతీయుల జన్యుపటాలు పూర్తిచేసి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. గర్వపడ్డాను. దాని సాయంతో రేపు మా అక్క రిపోర్టులోని ఆ మార్పుకు అర్థం తేలితే, ఆ సంగతి అక్కకు చెప్పే బాధ్యత ఎవరిది? ఇప్పటికైతే ఎవరిదీ కాదు.

ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో జన్యు పరిశోధనకు ఒక అధ్యాయమే ఉంది, రక్తం లాంటి నమూనాలు దాచే బయోబ్యాంకులకు ఇంకొకటి ఉంది. అనుకోకుండా బయటపడే ఫలితాల గురించి కూడా రాశారు. కాగితం మీద ఉన్న మాటకు డబ్బూ మనిషీ లేకపోతే అది వసారా దాకా రాదు. కాబట్టి నేను అడిగేది లెక్కల భాషలోనే అడుగుతాను. కుటుంబాల రక్తం తీసుకునే ఏ ప్రాజెక్టుకైనా బడ్జెట్‌లో ట్యూబులకూ రసాయనాలకూ ఉన్నట్టే, తిరుగు కబురుకూ ఒక పద్దు ఉండాలి. ప్రాజెక్టు ముగిశాక సంఖ్యకూ పేరుకూ ముడిపెట్టే పుస్తకం స్కాలరు అలమారాలో కాకుండా సంస్థ బాధ్యతలో ఉండాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు కరెంటు పోకుండా జనరేటరు పెడతారు కదా, ఆ పుస్తకానికీ అంత గౌరవం ఇవ్వండి. ఫారంలో "నా ఆరోగ్యానికి పనికొచ్చేది ఏదైనా తెలిస్తే నాకు చెప్పండి", "చెప్పొద్దు", "నేను లేకపోతే ఫలానావారికి చెప్పండి" అని మూడు గడులు ఉండాలి. ఆ మూడోది మర్చిపోకండి, అమ్మ లాంటివాళ్ళ కోసం. పరిశోధనా రోగనిర్ధారణా ఒకే గొడుగు కింద చేసే సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, రోగనిర్ధారణ కేంద్రం) లాంటి సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. వంశపారంపర్య జబ్బుల కోసం 2019లో ఉమ్మీద్ పేరుతో జిల్లాల దాకా వెళ్ళిన కార్యక్రమం మీ బయోటెక్నాలజీ విభాగానిదే. దారి మీకు తెలియనిది కాదు.

ఫారం తెలుగు మాత్రం దయచేసి మనుషుల చేత రాయించండి. ఉత్పరివర్తనముల అనుశీలన నాకే సగం అర్థమైంది.

"చెప్పొద్దు" అనే గడి ఎందుకో కూడా చెప్పాలి. మావయ్య పరీక్షకు రానన్నాడు. "తెలిసి నేను చేసేదేముంది, పిల్లల సంబంధాలు చెడిపోవడం తప్ప" అన్నాడు. రెండో కూతురికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆయన భయం ఉత్తిది కాదు. అమెరికాలో ఆరోగ్య బీమాకూ ఉద్యోగానికీ జన్యు పరీక్ష అడ్డు రాకూడదని 2008లోనే చట్టం చేశారు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. జన్యు సంబంధమైన జబ్బులన్నిటినీ గంపగుత్తగా బీమా నుంచి తప్పించడం వివక్ష అని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఊపిరి పోసింది కానీ, తీర్పు వేరు, చట్టం వేరు. ఈ చట్టం కోసం మీరు కూడా గొంతు కలపాలి, ఎందుకంటే అది లేనంతకాలం మావయ్యలాంటివాళ్ళు రక్తమివ్వడానికి కూడా వెనకాడతారు. అప్పుడు నష్టం మీకే.

అయినా ఇంట్లో రహస్యం నిలవలేదు. మావయ్య పెద్ద కూతురు డల్లాస్‌లో ఉంటుంది. చెల్లి సంగతి విని అక్కడే పరీక్ష చేయించుకుంది. ఉంది అని వచ్చింది. కూతురి రిపోర్టు తండ్రి రిపోర్టు కూడా అయిపోయింది, ఆయన అడగకుండానే. నేను ఫోను చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు: "ఆ రోజు నువ్వు ముందే తెలుస్తుందన్నావు గదమ్మాయ్?"

ఆయనకు ఏం చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను.

చెల్లికి కీమో, ఆపరేషన్ అయ్యాయి, అండాశయాలు కూడా తీసేశారు. ఉద్యోగానికి పోతోంది. దాని కూతురు ఎనిమిదో తరగతి. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాక తనే నిర్ణయించుకుంటుంది, అప్పటిదాకా ఎవరూ పరీక్ష మాటెత్తకూడదని ఇంట్లో అనుకున్నాం. మావయ్య రెండో కూతురు పెళ్ళికి ముందే అబ్బాయికి అంతా చెప్పింది. పెళ్ళయింది.

2011లో మా ఇంటికి వచ్చిన ఆ అమ్మాయి ఇది చదివితే, నీమీద నాకు కోపం లేదమ్మా. వెళ్ళేటప్పుడు అమ్మ నీకు గోంగూర పచ్చడి కట్టిచ్చింది, గుర్తుందో లేదో.

మేం ఊరి ఇల్లు అమ్మేసి టౌన్లోకి మారాం. ఫారాల్లో రాసిన చిరునామా ఇప్పుడు పనికిరాదు. ఫోన్ నంబరు మాత్రం మార్చలేదు, అదే ఉంది.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు,
గుంటూరు జిల్లా